అట్ట కిరీటం బరువు

జనవరి 9

సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చేసరికి గేటు మీద నాటకాల్లో రాజుగారి శాలువా వేలాడుతోంది. ఎర్ర ముఖమల్, అంచంతా జరీ, పైన రెండు బట్టల క్లిప్పులు. ఆరేశారేమో అనుకున్నాను. కానీ నేను అద్దెకుంటున్న ఈ ఇంటావిడ ముఖమల్‌ని బయట ఆరెయ్యరు, రంగు చచ్చిపోతుందంటారు.

గొళ్లెం తియ్యడానికి శాలువా పక్కకి జరిపితే దాని కింద కాగితం. జిగురు ఇంకా తడిగా ఉంది. అప్పు కట్టనందువల్ల ఈ ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుని ఫిబ్రవరి నెలాఖరున వేలం వేస్తుందట. ఇంటావిడ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ పేరు నేను చదవడం అదే మొదటిసారి. వీధిలో అందరూ ఆవిడని రాణిగారంటారు. నేను ఏమీ అనను. ‘ఏవండీ’ అని మొదలుపెట్టి దాంతోనే సరిపెట్టుకుంటాను.

శాలువా ఎలా ఉన్నది అలా కప్పేసి లోపలికి వచ్చాను. ఆవిడ హాల్లో మిషను ముందు కూర్చుని సేనాపతి కోటుకి గుండీలు కుడుతున్నారు. చూశావా అన్నారు తలెత్తకుండానే. లేదన్నాను. గొళ్లెం తియ్యడానికి అంతసేపా, అది కోట తలుపా అన్నారు.

తర్వాత తనే చెప్పారు. భర్త జబ్బుపడ్డప్పుడు ఇల్లు తాకట్టు పెట్టి చేసిన అప్పు. ఆయన ఉన్నన్నాళ్లూ ఈ హాలు నిండా మనుషులే, ఊళ్లో ఏ నాటకమాడినా దుస్తులు ఇక్కణ్ణుంచే అద్దెకు వెళ్లేవి. ఇప్పుడు స్కూళ్లవాళ్లు కూడా ప్యాకెట్లలో వచ్చే అచ్చు గుడ్డలు కొని, ఒక పూట వేసి పారేస్తున్నారు. ఏడాదిగా వాయిదాలు కట్టలేదు.

ఇంత మామూలుగా చెప్పి, దారం అయిపోయింది, ఆ రీలు ఇటు అందుకో అన్నారు.

పడుకునే ముందు ఆ రోజు దొరికిన మంచి ఒకటి తలుచుకోవాలని హాస్టల్లో సిస్టర్ నేర్పిన అలవాటు. ఇవాళ్టిది: నన్ను చూసి ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

జనవరి 10

గది వెతుక్కోవాలి.

జనవరి 11

అన్నయ్య ఫోన్ చేశాడు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. వేలమయ్యాక కొత్తవాళ్లు వచ్చి నీ పెట్టె రోడ్డు మీద పెడతారు, ముందే బయటపడు అన్నాడు. వాడన్నది సబబే. లైబ్రరీకి నడిచి వెళ్లేంత దూరం, ఒక కిటికీ, పుస్తకాలకి గోడలో అర. నాకింకేం కావాలి. రేపు ఆదివారం, వెతుకుతాను.

జనవరి 12

వాన. వెతకలేదు.

నా గదిలో మూలన కారుతోంది. కింద గిన్నె పెట్టాను. ఆ చప్పుడు విని ఆవిడ బకెట్టు పట్టుకుని పైకి వచ్చారు. వచ్చినవారు వెంటనే వెళ్లలేదు. నా మంచం అంచున కూర్చుని నేను ఏం చదువుతున్నానో అడిగారు. చెప్పాను. ఇందులో రాణి ఉందా అని అడిగారు. ఉందన్నాను. ఏం వేసుకుంటుంది? రాయలేదన్నాను. అదేం రచన అన్నారు.

తర్వాత వాన కేసి చూస్తూ తమ పనిలో మొదటి సూత్రం చెప్పారు. తెర లేచేసరికి లోపలి చిరుగు జనానికి కనబడకూడదు. రాజుగారి అంగీ వెనక ఎన్ని పిన్నులైనా ఉండొచ్చు, ముందు నుంచి మాత్రం రాజు రాజులాగే ఉండాలి. వాళ్లాయన ఆవిడకి పెళ్లయిన కొత్తలో నేర్పిన చదువు అదేనట.

గేటు మీద శాలువా వానకి తడిసిందని అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరం పరుగెత్తాం. శాలువా తీసి దాని స్థానంలో న్యాయమూర్తి నల్ల గౌను కప్పారు. తడిసినా తెలియదు కదా అన్నారు. నవ్వొచ్చింది. నాకు ముందు, తర్వాత ఆవిడకి.

జనవరి 15

బుధవారాల్లో మా లైబ్రరీలో పత్రికల మూల ఒక బల్ల వేస్తాం. ఒక లాయరమ్మ వచ్చి కూర్చుని అడిగినవాళ్లకి ఉచితంగా సలహా చెబుతారు. ఆ బల్ల వేసేదీ తుడిచేదీ నేనే. ఏనాడూ ఆవిడతో మాట్లాడలేదు.

ఇవాళ అందరూ వెళ్లేదాకా కేటలాగు కార్డులు సర్దాను. సర్దిన కార్డులే మళ్లీ సర్దాను. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకునే సమయానికి ఒక చీటీ మీద ప్రశ్న రాసి ఆవిడ ముందు పెట్టాను. అది చదివి, నన్ను చూసి, సంచీ మళ్లీ కింద పెట్టేశారు.

“ఇది ఎవరి సంగతి?”

మా ఇంటావిడదన్నాను.

“ఆవిడ నీకేమవుతారు?”

ఏమీ కారన్నాను.

కళ్లద్దాలు తుడుచుకున్నారు. దారి ఉందన్నారు. కష్టంలో ఉన్నానని, బాకీని ఎక్కువ ఏళ్లకి సర్ది వాయిదా తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. బ్యాంకు ఒక మనిషిని పంపిస్తుంది, అతను ఇల్లు చూస్తాడు, పరిస్థితి రాసుకుని వెళ్తాడు. అతనికి ఉన్నది ఉన్నట్టు చూపించమను, అంతే చాలు. దరఖాస్తు తనే రాసిపెడతానన్నారు.

లాయరమ్మకి రుణపడ్డాను. ఇంత సులువని తెలిస్తే ఆ కార్డులన్నీ సర్దేదాన్ని కాదు.

జనవరి 16

ఆవిడకి అంతా చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చూపించాలట అని కూడా చెప్పాను. కొంచెం మెల్లగా చెప్పాను, మిషను తిరుగుతోంది. కానీ చెప్పాను.

ఆవిడ విన్నది ఒకటే. బ్యాంకు మనిషి చూడ్డానికి వస్తున్నాడు.

“చూడ్డానికొస్తున్నాడంటే తెర లేస్తున్నట్టే గదమ్మాయ్.”

జనవరి 19

ఆదివారం. గది వెతకడానికి వీల్లేదు. ఇంట్లో పనుంది.

జనవరి 23

ఎంత బాగుందో ఇల్లు. రాసుకోకుండా ఉండలేను.

హాల్లో దుస్తుల అల్మారాల ముందు పట్టు తెరలు దించాం. కారే మూలకి దర్బారు తివాచీ వేలాడదీశాం. సింహాసనం దులిపి కిటికీ పక్కన వేశాం. దాని కాళ్లు మంగలి దుకాణం కుర్చీవి, పైన చెక్కుడంతా అట్ట, బంగారు రంగు. మంత్రిగారు వచ్చి నిచ్చెన పట్టుకున్నారు. ఆయన నలభై ఏళ్లు మంత్రి వేషాలే వేశారు. ఒక్కసారీ రాజు వేషం రాలేదు. రోజూ పొద్దున పేపరు కోసం వస్తారు, మధ్యాహ్నం దాకా వెళ్లరు. ఇంటావిడ ఆయన్ని అన్నగారూ అంటారు, ఆయన చెల్లెమ్మా అంటారు. వాదించుకోవడానికి చుట్టరికం ఒకటి ఉండాలి కదా అని కలుపుకున్నారట.

ఆవిడ రాణి దుస్తులు తొడుక్కున్నారు. చిక్కిపోయారు, నడుం దగ్గర వదులు. వెనక పిన్నులు నేను పెట్టాను. హారాలు నేను తగిలించాను, కిరీటం నేనే పెట్టాను. అద్దంలో ఇద్దరం కనబడ్డాం, ముందు ఆవిడ, భుజం వెనక నేను, పళ్ల మధ్య ఇంకో పిన్నుతో. ఇలాంటి సాయంత్రం నాకు ఎప్పుడూ లేదు.

లాయరమ్మ మాట నాకు గుర్తుంది. నేను చెప్పాను. ఒకసారి చెప్పాను.

జనవరి 24

సెలవు పెట్టాను. బ్యాంకబ్బాయి వచ్చాడు. వయసులో నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు. గుమ్మంలోనే బూట్లు విప్పాడు, ఎవరూ విప్పమనకపోయినా. సాక్సుకి బొటనవేలు దగ్గర చిరుగు. తివాచీ మీద ఆ వేలు దాచుకోవడానికే అతనికి సరిపోయింది.

మంత్రిగారు ఊదారంగు కోటులో ఎదురొచ్చి, తమ రాక మాకెంతో ఆనందదాయకం అన్నారు. సింహాసనం మీద కూర్చోబెట్టారు. టీ నేను తెచ్చాను, వెండి రంగు వేసిన కప్పుల్లో. ఇంటావిడ తెర పక్కనుంచి వచ్చి నిలబడ్డారు. అతను లేచి నిలబడిపోయాడు.

పెద్దగా ఏమీ అడగలేదు. ఈ ఇల్లెప్పటిదని అడిగాడు. హారాలు చూసి, పాతకాలంవి కదండీ అన్నాడు. మా వారి హయాంలోవి అన్నారావిడ. అబద్ధం కాదు. వాళ్లాయన స్వయంగా గాజు రాళ్లు అంటించినవే.

వెళ్లేటప్పుడు వంగి నమస్కారం పెట్టాడు. గేటు వెయ్యగానే మంత్రిగారు చప్పట్లు కొట్టారు. ఇంటావిడ సింహాసనంలో కూలబడి, వదులైన నడుం పట్టుకుని, నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నాకు బుగ్గ మీద ముద్దు పెట్టారు. ఆవిడ దగ్గర మీసాలు అంటించే జిగురు వాసన వేసింది.

ఇవాళ్టి మంచి ఒకటి ఎంచుకోలేను. చాలా ఉన్నాయి.

జనవరి 29

బుధవారం. లాయరమ్మ ఎలా జరిగిందని అడిగారు. బాగా జరిగిందన్నాను.

ఫిబ్రవరి 3

బ్యాంకు జవాబు వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. అప్పు తీసుకున్నవారు సంపన్న జీవనం గడుపుతున్నారనీ, విలువైన ఆభరణాలూ పురాతన సామగ్రీ ఉన్నాయనీ, స్తోమత ఉండి కూడా చెల్లించడం లేదనీ రాశారు. వేలం ఫిబ్రవరి 28న.

ఆవిడ నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. రెండోసారి ‘పురాతన సామగ్రి’ దగ్గర చిన్నగా నవ్వారు. తర్వాత నవ్వలేదు. మిషను మీద గుడ్డ కప్పేశారు.

నేను చెప్పాను కదా అనుకుంటున్నాను పొద్దుటి నుంచీ. ఒకసారి చెప్పడం చెప్పడమేనా? పిన్నులు మాత్రం పన్నెండు పెట్టాను.

ఫిబ్రవరి 4

మిషను చప్పుడు లేదు. ఈ ఇంట్లో పుస్తకం చదవడానికి ఆ చప్పుడు కావాలని నాకు తెలియలేదు.

ఫిబ్రవరి 5

ఇవాళ చీటీ రాయలేదు. నోటితోనే చెప్పాను, సింహాసనం సంగతీ, కప్పుల సంగతీ, ఊదారంగు కోటు సంగతీ. పిన్నుల దాకా వచ్చేసరికి లాయరమ్మ పత్రిక అడ్డం పెట్టుకుని నవ్వారు. అందరూ మన వైపు చూస్తున్నారని నేనే ఆవిడకి సైగ చేశాను.

నవ్వు ఆగాక ఆవిడ ముఖం మారిపోయింది. దరఖాస్తు మీద ఒక్కసారే పైకి అప్పీలు చేసుకోవచ్చట. ఈసారి ఇంటికి ఎవరూ రారు. ఆవిడే స్వయంగా బ్యాంకుకి వెళ్లి పెద్ద ఆఫీసరు ముందు కూర్చుని తన నోటితో చెప్పుకోవాలి. లాయరు మాట్లాడితే కుదరదు. తోడుగా ఒకరిని తీసుకెళ్లొచ్చు.

“ఆవిణ్ణి వేషం లేకుండా రమ్మను. అర్థమైందా? గట్టిగా చెప్పు.”

గట్టిగా చెబుతానన్నాను. అది కూడా మెల్లగానే అన్నాను.

ఫిబ్రవరి 8

మంత్రిగారికి ఉపాయం తట్టింది. రాణి వేషం దెబ్బకొట్టింది కాబట్టి ఈసారి బిచ్చగత్తె వేషం. ఆయన అంత గంభీరంగా చెబితే వినడానికి బాగానే ఉంటుంది.

ఇంటావిడ మారుమాట లేకుండా లేచి లోపలి పెట్టెలోంచి ఒక అంగీ తెచ్చారు. ఇన్నాళ్లూ నాకు చూపించలేదు. పైకి గోనెసంచి రంగు, నిండా అతుకులు. దగ్గరగా చూస్తే ప్రతి అతుకూ పట్టు. నిజం చిరుగు దీపాల కింద మరకలా కనబడుతుందట. చిరుగుని కూడా కొత్తగా కుట్టాలి, అప్పుడే చివరి వరుసలో జనం కంటికి ఆనుతుంది. తన చేతి పనుల్లోకెల్లా ఇదే గొప్పదన్నారు. తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు, భుజాలు జారేశారు, ఒక కాలు ఈడ్చారు. రెండు క్షణాల్లో నాకు తెలిసిన మనిషి లేదు. ఎవరో అనాథ ముసలావిడ. పట్టుకుని కూర్చోబెడదామని ముందుకెళ్లాను.

పెద్దాఫీసరు కూడా నాలాగే నమ్మేస్తాడు. ఆ సంగతి నాకు తెలిసింది. ఆ తర్వాత హారాలూ కిరీటమూ ఉన్న పాత రిపోర్టు తీస్తాడు. అదీ తెలిసింది.

“వద్దండీ,” అన్నాను.

మంత్రిగారు పేపరు దించారు. నేను ఆయన ఎదుట నోరు విప్పడం అదే మొదలు.

“ఇదీ వేషమేనండీ. మీరు మీలాగే రండి.”

ఆవిడ అద్దంలోంచే నాకేసి చూశారు.

“అప్పుడు వెనక పిన్నులు పెట్టిందెవరు? నేనా?”

పైకి వచ్చేశాను. అన్నం తినలేదు. ఇవాళ్టి మంచి: లేదు.

ఫిబ్రవరి 9

ఆదివారం. గది వెతకడానికి వెళ్లాను. నిజంగానే వెళ్లాను. ఒకటి చూశాను కూడా. కిటికీ ఉంది, గోడలో అర ఉంది, ఎక్కడా కారడం లేదు. వచ్చే వారం చెబుతానన్నాను.

తిరిగొచ్చేసరికి నా గది గుమ్మం ముందు మూతపెట్టిన పళ్లెం. ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. గది దొరికిందా అన్నారు. లేదన్నాను. అబద్ధం ఆడటం నీకు రాదని చెప్పానా లేదా అన్నారు.

నేను కింద మెట్టు మీద కూర్చున్నాను. తింటూ ఉంటే ఆవిడ మాట్లాడారు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆవిడ తెర వెనకే. తన సొంత బట్టల్లో తనని చూసినవాళ్లు చాలా తక్కువ. ఎవరైనా వస్తున్నారంటే ఏదో ఒకటి తీసి తగిలించుకునేవారు. వాళ్లాయన పోయిన రోజు కూడా జనం వస్తున్నారని విధవరాలి వేషం పెట్టె తెరిచి అందులోది తొడుక్కున్నారట. నిజంగా అయ్యాక కూడా.

“నా బట్టల్లో నేను మనిషిలా కనబడనమ్మాయ్. ఆ ఆఫీసరు ముందు నోరు పెగలదు నాకు.”

నాకు ఓదార్చడం రాదు. అందుకని నా సంగతి చెప్పాను. మా స్కూల్లో ఏటా నాటకం వేసేవాళ్లు. మాటలన్నీ నాకు కంఠతా వచ్చేవి, కానీ స్టేజీ ఎక్కితే ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. అందుకని సిస్టర్ నన్ను తెర వెనక పుస్తకమిచ్చి నిలబెట్టేది. మాట మరిచిపోయిన వాళ్లకి అందించడం నా పని. మొదటి రెండు మాటలే అందించాలి, మొత్తం చెప్పేస్తే వాళ్లు నీ మాట చెబుతారు, వాళ్ల మాట కాదు అనేది సిస్టర్.

ఆవిడ ఒక మెట్టు కిందికి జరిగి కూర్చున్నారు.

“ఎన్నేళ్లు అందించావు?”

ఐదేళ్లన్నాను.

“ఒక్కసారీ పైకి రాలేదా? నువ్వూ నేనూ ఒకే తెర వెనకాలన్నమాట.” ఆవిడే పళ్లెం తీసుకుని వెళ్లారు.

ఫిబ్రవరి 10

మిషను చప్పుడు వినిపించింది. దేవుడా, థాంక్స్.

ఫిబ్రవరి 16

చూసిన గది వాళ్లకి చెప్పాల్సిన రోజు. మరిచిపోయాను.

ఫిబ్రవరి 20

వరసగా రాసుకుంటాను.

పొద్దున ఆవిడ మెట్లు దిగి వస్తుంటే గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. ఉతికి ఉతికి రంగు వెలిసిన ఇంటి బట్టలు. జుట్టు మామూలు ముడి. ముఖానికి ఏమీ లేదు. ఇంత చిన్న మనిషని తెలియదు నాకు. మంత్రిగారు గుమ్మం దగ్గర కోటు లేకుండా చొక్కాలో నిలబడి ఉన్నారు. ఆయనా అంతే, చిన్న మనిషే. వెళ్లిరా చెల్లెమ్మా అన్నారు. ఇంకో డైలాగు కోసం చూశాం. లేదు.

అట్టపెట్టె నేను మోశాను. అందులో ఏం పెట్టాలో లాయరమ్మా నేనూ నిన్న అనుకున్నాం.

బ్యాంకులో బెంచీ మీద కూర్చున్నాక చూశాను, ఆవిడ మెడలో కొలత టేపు. ఎప్పుడూ ఉండేదే, తియ్యడం మరిచిపోయారు. చెబుదామనుకుని మానేశాను.

పెద్ద ఆఫీసరుకి జలుబు. చేతిరుమాలుతోనే మాట్లాడారు. మమ్మల్ని కూర్చోమని, చెప్పండమ్మా అన్నారు.

ఆవిడ చెప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని బల్ల మీది పెన్నుల డబ్బా కేసి చూస్తున్నారు. ఆఫీసరు ఆగారు. గోడ మీద ఫ్యాను తల తిప్పి ఇటు చూసింది, అటు చూసింది. బెంచీ మీద కూర్చున్నప్పుడు గడగడా అప్పజెప్పినవన్నీ ఎక్కడికి పోయాయో. టేపు చివర పట్టుకుని వేలికి చుట్టుకుంటున్నారు. చుట్టీ చుట్టీ వేలు తెల్లబడింది.

ఆఫీసరు కాగితాలు సర్దడం మొదలుపెట్టారు.

నేను కొంచెం వెనక్కి జరిగి, ఆవిడ భుజం దగ్గరకు వంగాను.

“పిన్నీ,” అన్నాను, “మా ఆయనకి...”

ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

“మా ఆయనకి బాగా లేదండి. బతుకుతాడనుకుని తీసుకున్నానండి అప్పు.”

అంతే, మాట దొరికింది. చెప్పుకుపోయారు. ఆగిన చోట నేను రెండేసి మాటలు అందించాను. ‘ఆ తర్వాత...’, ‘స్కూళ్లవాళ్లు కూడా...’. మూడోసారి అందించేలోపే ఆవిడ చెయ్యి వెనక్కి వచ్చి నా చేతి మీద పడింది, చాలన్నట్టు.

ఆఫీసరు ఫైలు తిప్పి, మరి మా అబ్బాయి రిపోర్టులో ఆభరణాలున్నాయని రాశాడు, కిరీటం ఉందన్నాడు, సింహాసనం ఉందన్నాడు అన్నారు. గొంతులో ఎగతాళి లేదు, అలసటే.

నేను పెట్టె మూత తీశాను. పిన్ని కిరీటం తీసి ఆయన ముందుంచారు. రాళ్లన్నీ ఒక్కసారి మెరిశాయి. ఆయన రుమాలు జేబులో పెట్టుకుని, రెండు చేతులూ చాచి, బరువుకి సిద్ధపడి, లేపారు.

కిరీటం ఆయన చేతుల్లోంచి లేచి కళ్లద్దాలకి తగిలింది.

మళ్లీ దించి, మళ్లీ లేపారు, ఒక్క వేలితో. గోరుతో కొట్టి చూశారు. అట్ట చప్పుడు.

“సింహాసనం కూడా ఇదేనా?”

“దాని కాళ్లు మాత్రం ఇనుమండి. మంగలాయన ఇచ్చినవి.”

ఆయన నవ్వు జలుబులో చిక్కుకుని దగ్గయింది. దగ్గు తగ్గాక అడిగారు, అమ్మా, మరి ఆ రోజు వాడొచ్చినప్పుడు ఇదంతా ఎందుకు అని. నేను అందించడానికి వంగాను. కానీ దీనికి నా దగ్గర మాట లేదు.

పిన్నే చెప్పారు. “ఇంటికి ఒక మనిషి వస్తున్నాడంటే బాగుండాలి కదండీ.”

ఆయన చాలాసేపు టేపు కేసి చూశారు. మీది అంటూ ఏమున్నాయమ్మా అన్నారు. మిషను, కత్తెర, ఇల్లు అన్నారు పిన్ని. కొంచెం ఆగి, కత్తెర చాలా మంచిదండి అన్నారు.

ఆలోచించి కబురు చేస్తామన్నారు. వచ్చేశాం. గేటు దగ్గర ఆవిడ మెడ తడుముకుని, అయ్యో, టేపు అన్నారు.

ఆవిణ్ణి పిన్నీ అన్నానని ఇంటికొచ్చి ఇది రాస్తుంటే తెలిసింది.

ఫిబ్రవరి 22

కబురు లేదు.

ఫిబ్రవరి 24

లేదు. మంత్రిగారు పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు.

ఫిబ్రవరి 25

పిన్ని నా కొలతలు తీసుకోకుండానే నాకు ఒక నల్ల కోటు కుట్టారు. తెర వెనక వాళ్లు నల్లవే వేసుకోవాలి, వెలుగులో కనబడకూడదు అన్నారు. సరిగ్గా సరిపోయింది. ఇన్నాళ్లూ నన్ను ఇంత శ్రద్ధగా చూశారన్నమాట. లోపల పిన్నులు లేవు, అన్నీ కుట్లే. రెండు జేబులు, చిన్న పుస్తకం పట్టేంత.

బాగుంది పిన్నీ అన్నాను. నేను కుట్టింది బాగుండక చస్తుందా అన్నారు.

ఫిబ్రవరి 27

లాయరమ్మ నేరుగా లైబ్రరీకే వచ్చారు, బుధవారం కాకపోయినా. నేను నిచ్చెన మీద ఉన్నాను. కింద నిలబడి తలెత్తి, వేలం ఆపేశారు అన్నారు, మామూలు గొంతుతో, లైబ్రరీలో మాట్లాడాల్సినంత మెల్లగా. నేను చేతిలో పుస్తకం పడేశాను.

బాకీని ఎక్కువ ఏళ్లకి సర్దారు. వాయిదా ఇప్పుడు మొయ్యగలిగినంతే. ఒక షరతు. నెలనెలా ఖాయంగా వచ్చే ఆదాయం ఏదో ఒకటి కాగితం మీద చూపించాలి. పై గది అద్దె చూపించొచ్చు. కానీ దానికి మూడేళ్లు ఉంటానని అద్దెకున్నవాళ్లు సంతకం పెట్టాలి.

నేను సంతకం పెడతానన్నాను. ఇంటికెళ్లి ఆలోచించుకో తల్లీ, మూడేళ్లంటే పెళ్లీ ఉద్యోగం ఏవేవో రావచ్చు అన్నారు లాయరమ్మ. కలమడిగి అక్కడే, నిచ్చెన మెట్టు మీద కాగితం పెట్టి, రాశాను.

సాయంత్రం పిన్నికి చూపిస్తే కోపం వచ్చింది. నా ఇంటి కోసం నిన్ను కట్టేసుకుంటానా, చింపెయ్ అన్నారు. చింపనన్నాను. గట్టిగానే అన్నాను, మంత్రిగారు గుమ్మంలోంచి తొంగి చూశారు.

పిన్ని వంటగదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. ఏడుస్తున్నారని తెలిసింది. ఏం చెయ్యాలో తెలియదనుకునేదాన్ని. వెళ్లి పక్కన నిలబడ్డాను, అంతే. అదే సరిపోయింది.

ఇవాళ్టి మంచి: లాయరమ్మ, జలుబు ఆఫీసరు, సిస్టర్, కిరీటం అంటించిన బాబాయి (నేను చూడనే లేదు ఆయన్ని), సాక్సు చిరిగిన అబ్బాయి కూడా. పాపం, అతను చూసిందే రాశాడు.

మార్చి 2

గేటు మీది కాగితం గీకేశాం, వేడి నీళ్లూ చాకూ పెట్టి. కాగితం పోయింది, జిగురు మరక పోలేదు. నలుచదరంగా, పుస్తకం అట్టంత. మంత్రిగారు లోపలికెళ్లి శాలువా తెచ్చారు. పిన్ని అది చేతిలోకి తీసుకుని, క్లిప్పులు తీసుకుని, గేటు కేసి కాసేపు చూశారు.

“ఉండనీండి అన్నగారూ. కనబడితే కనబడింది.”

శాలువా మడతపెట్టి పెట్టెలో పెట్టేశారు. పక్కింటావిడ వచ్చి ఆ మరకేమిటని అడిగితే, బ్యాంకు వాళ్లది అని మొదలుపెట్టి మొత్తం చెప్పారు, ఇంటి బట్టల్లోనే, గేటు దగ్గర నిలబడి. కిరీటం కళ్లద్దాలకి తగిలిన చోట ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పై కిటికీలోంచి విన్నాను. ఎక్కడా అందించాల్సి రాలేదు.

మార్చి 5

బుధవారం. బల్ల వేశాను. పక్కన ఇంకో కుర్చీ కూడా వేశాను. ఎవరికైనా చెప్పడం చేతకాకపోతే నేను కాసేపు కూర్చుంటానని లాయరమ్మతో అన్నాను.

మార్చి 8

వాన. మూలన మళ్లీ కారుతోంది. బకెట్టు పైనే ఉంచేసుకున్నాను.

మార్చి 9

అన్నయ్య ఫోన్ చేశాడు. గది దొరికిందా అన్నాడు.

దొరికిందన్నాను.